ఆర్.ఎన్. దీక్ష, ఎం.ఏ.

విశ్వవిద్యాలయం మెయిన్ గేటు ఎదుట పదిహేడేళ్లుగా సాగుతున్న రిలే నిరాహార దీక్షకు ఆ ఏడాది ఎం.ఏ. శాంతి అధ్యయనాల్లో సీటు వచ్చింది. జాబితాలో పదో పేరు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. పదిహేడేళ్లు గేటు దగ్గరే పడి ఉన్నవాళ్లకి రాక ఇంకెవరికి వస్తుంది సీటు అని క్యాంటీన్లో నలుగురూ అనుకున్నారు. టీలు తాగి ఎవరి క్లాసుకి వాళ్లు వెళ్లిపోయారు.

దీనికంతటికీ మూలం చేపల విభాగం. పదిమంది కంటే తక్కువ విద్యార్థులున్న విభాగాన్ని పక్కనున్న విభాగంలో కలిపేయాలని ఆ వేసవిలో ఉత్తర్వు వచ్చింది. శాంతి అధ్యయన విభాగానికి పక్కగోడ చేపల విభాగమే. అడ్మిషన్ల ఆఖరి రోజు మధ్యాహ్నం మూడు గంటలకి శాంతిలో చేరినవాళ్లు తొమ్మిదిమంది. విభాగాధిపతి ఆచార్య పరాంకుశం గారికి చేపల మీద పగేమీ లేదు. కానీ ముప్పై ఏళ్లు అహింస బోధించి, చివరికి వలలూ గేలాలూ చూసుకునే ఆయన కింద పనిచేయడమంటే ప్రాణం ఒప్పలేదు. అడ్మిషన్ల సూపరింటెండెంటు భానోజీరావు గది గుమ్మంలో నిలబడి, "ఒక్కరు చాలు భానోజీ గారూ! గేటు దగ్గర ఎవరైనా ఉన్నారేమో చూడండి" అని బతిమాలారు.

భానోజీరావు చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషి. అంతకు మించి ఒక్క అంగుళం చేయడు, తగ్గడు. గేటు దగ్గరికి నడిచి వెళ్లి ఎవరున్నారో చూశాడు. ఎదురుగా ఓ శిబిరం, దానిమీద గుడ్డ బ్యానరు, బ్యానరు మీద పెద్ద అక్షరాలతో రిలే నిరాహార దీక్ష అని పేరు. మనలో ఇంటిపేరు ముందు, సొంత పేరు వెనక కదా. ఇంటిపేరు రిలే, పేరు నిరాహార దీక్ష. ఈ రోజుల్లో వీధికో దీక్ష ఉంది. ఆయన మేనకోడలి కూతురి పేరు కూడా దీక్షే. అక్కడే స్కూటరు సీటు మీద కాగితం పెట్టి "ఆర్.ఎన్. దీక్ష, స్త్రీ" అని నింపేశాడు. చిరునామా, మెయిన్ గేటు ఎదురుగా. తండ్రి పేరు గడిలో బ్యానరు అడుగున ఉన్న చోడివలస భూమి కోల్పోయినవారి సంఘం పేరు వేశాడు. ఆ గడి చిన్నది కాబట్టి అక్షరాలు కొంచెం నలిగాయి.

ఫారం పరిశీలనకి వెళ్లింది. డిగ్రీ లేదు కదా అని ఒక గుమాస్తా అడిగాడు. ముగ్గురు సభ్యుల కమిటీ కూర్చుంది. పది, ఆపైన రెండు, ఆపైన మూడు, మొత్తం పదిహేనేళ్ల చదువుంటే డిగ్రీ ఉన్నట్టే. ఈ అభ్యర్థిని ఒకే విషయంలో ఒక్కరోజు కూడా మానకుండా పదిహేడేళ్లు శ్రమించింది, ఇంకా రెండేళ్లు చేతిలో మిగిలే ఉన్నాయి అని కమిటీ తేల్చింది. వైద్య పరీక్ష కూడా సజావుగా జరిగింది. డాక్టరు "ఎత్తు: శిబిరమంత. బరువు: లేదు. ఆకలి: పదిహేడేళ్లు" అని రాసి, చదువుకోడానికి యోగ్యురాలని సంతకం పెట్టాడు.

ఇంతకీ ఆ దీక్ష ఎందుకో చెప్పాలి. విశ్వవిద్యాలయం కట్టేటప్పుడు చోడివలసలో నలభైరెండు ఇళ్లవాళ్లు భూములిచ్చారు. ఇంటికో ఉద్యోగం ఇస్తామని పెద్దలు మైకులో చెప్పారు. భవనాలు లేచాయి గానీ మాట మాత్రం పునాదిలోనే ఉండిపోయింది. అప్పటినుంచి నలభైరెండు ఇళ్లవాళ్లూ వంతులేసుకుని రోజుకొకరు కూర్చుంటున్నారు. ఉదయం తొమ్మిదికి దండ వేసుకుని కూర్చోవడం, పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకపోవడం, సాయంత్రం అయిదింటికి నిమ్మరసం తాగి ఇంటికి పోవడం. మర్నాడు పొద్దున్నే ఇంకొకరు. బ్యానరు మీద రోజుల అంకె మాత్రం ఒక్కొక్కటే పెరుగుతూ వచ్చింది. సీటు వచ్చిననాటికి అది ఆరువేల రెండువందల పదకొండు.

వంతు ఎవరిదైనా శిబిరంలో ఎక్కువ కనిపించేది మజ్జి అప్పలనర్సమ్మ. మిగతావాళ్లకి కూలిపనుల రోజు ఉంటే వాళ్ల వంతు కూడా తనే కూర్చునేది. ఆమె ఎకరన్నర వంగతోట మీదే శాంతి అధ్యయన విభాగం కట్టారు. పరాంకుశం గారి గది సరిగ్గా ఆమె బావి ఉన్నచోట ఉంది. దీక్ష మొదలైనప్పుడు ఆమెకి ముప్పైతొమ్మిది. ఇప్పుడు యాభైయారు. విశ్వవిద్యాలయంలో రిటైర్మెంటు అరవైకి. ఆమె బెంగంతా ఆ నాలుగేళ్ల మీదే.

"నాను జేరకుండానే నా ఉజ్జోగం రిటైరైపోతాది బాబూ" అనేది ఎవరు పలకరించినా. అని గట్టిగా నవ్వేది. నవ్వాక మళ్లీ గేటు వైపు చూసేది.

క్లాసులు మొదలయ్యాయి. దీక్ష శిబిరం వదిలి రాలేదు కాబట్టి, వస్తే దీక్ష కాదు కాబట్టి, క్లాసులనే శిబిరానికి మార్చారు. తొమ్మిదిమంది విద్యార్థులూ చాప మీద కూర్చునేవారు, పరాంకుశం గారు ప్లాస్టిక్ కుర్చీలో. హాజరు పిలిచేటప్పుడు "ఆర్.ఎన్. దీక్ష" అనగానే ఆ రోజు దండ వేసుకున్నవాళ్లు "ఉన్నామండీ" అనేవారు. విశ్వవిద్యాలయం పుట్టాక నూటికి నూరు హాజరు వచ్చిన మొదటి విద్యార్థిని ఆమే. ఆదివారాలు కూడా కలుపుకుంటే నూటికి నూట పదహారు. సీనియర్లు మొదటి వారంలో ర్యాగింగ్‌కి వచ్చి, సమోసా చూపించి తినమన్నారు. దీక్ష తినలేదు. వాళ్లే సిగ్గుపడి సమోసా తిని వెళ్లిపోయారు.

పాఠం చక్కగా సాగేది. అహింసా ప్రతిఘటనకి అయిదు దశలున్నాయని పరాంకుశం గారు చెప్పేవారు. నివేదన, నిరీక్షణ, నిరాహారం, నిర్వేదం, అయిదోది గెలుపు. మొదటి నాలుగూ ఆయన కంఠతా చెప్పగలరు. మునగపాక నుంచి వచ్చిన హిమజ అనే అమ్మాయి ఒకరోజు చెయ్యెత్తి, "సార్, గెలుపు ఎప్పుడు చెప్తారు?" అని అడిగింది.

"అది అయిదో యూనిట్ అమ్మా. ఏటా టైం చాలక వదిలేస్తున్నాం. పరీక్షలో కూడా రాదు."

అప్పలనర్సమ్మ దండ సర్దుకుంటూ విన్నది. ఆవిడకి ఈ చదువు కొత్తేమీ కాదు. అప్పటికే ఆ శిబిరం మీద పద్నాలుగు పిహెచ్.డి.లు వచ్చాయి. పద్నాలుగుసార్లూ ఆవిడనే ప్రశ్నలడిగారు. కాగితం తీయగానే, "శాంతి అంటే మీ ఉద్దేశంలో ఏటీ, అదేనా? 'అ' అంటే పోరుల్లేకపోడం, 'ఆ' అంటే నాయం జరగడం. 'ఇ' తెలీదు. నాను 'ఇ' పెడతాను, అందులో తగువుండదు" అని తనే చెప్పేసేది. ఆ పద్నాలుగుమందిలో పదకొండుమందికి ఉద్యోగాలొచ్చాయి. వాళ్లు ఆ దారినే కార్లలో వెళ్తూ అద్దం దించి నమస్కారం పెడతారు. అందుకు ఆవిడకి నిజంగానే సంతోషంగా ఉండేది.

మొదటి సెమిస్టరు పరీక్షలో దీక్షకి తొంభైరెండు వచ్చాయి. మూడు గంటలూ శిబిరంలో బల్ల మీద ఉంచిన జవాబుపత్రం తెల్లగానే తిరిగొచ్చింది. "ఆహారం ముట్టలేదు, కలం ముట్టలేదు. విషయాన్ని ఇంతగా ఆచరించి చూపిన విద్యార్థి లేరు" అని పేపరు దిద్దినాయన రాశాడు. చేతిరాతకి ఎనిమిది మార్కులు తగ్గించాడు.

అంతా ఇలా నున్నగా జరిగిపోతుండగా కొత్త వైస్ ఛాన్సలర్ వచ్చారు. ఉమామహేశ్వరి గారు భౌతికశాస్త్రం మనిషి. వచ్చిన మూడోరోజే ఒక పొరపాటు చేశారు. బల్లమీద ఉన్న ఫైలు విప్పి చదివారు. ఇచ్చిన మాట, తీసుకున్న భూమి, పదిహేడేళ్ల వినతిపత్రాలు, అన్నీ చదివి అడుగున ఒకే మాట రాశారు: "ఇచ్చేయండి."

సెక్షన్లో గగ్గోలు పుట్టింది. ఇచ్చేయండి అనే మాట ఏ నిబంధన కిందికి వస్తుందో ఎవరికీ తెలియలేదు. మధ్యాహ్నానికల్లా సంగతి చోడివలస చేరింది. డప్పులు మోగాయి. అప్పలనర్సమ్మ ఆ రోజు శిబిరంలోనే ఉంది. "ఓలమ్మో! ఒచ్చీసిందే! ఒచ్చీసిందర్రా!" అని లేచి నిలబడింది. వెంటనే కూర్చుంది, ఇంకా అయిదు కాలేదని గుర్తొచ్చి. కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. మళ్లీ నవ్వింది. సోమవారం పదకొండింటికి వైస్ ఛాన్సలర్ చేతుల మీదుగా నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేయాలని ముహూర్తం పెట్టారు.

పరాంకుశం గారు కూడా ఉప్పొంగిపోయారు. ముప్పై ఏళ్లుగా పుస్తకాల్లో చదివిందే తప్ప అహింస గెలవగా కళ్లారా చూడలేదు ఆయన. క్లాసులో బల్ల చరిచి, స్వీట్లు తెప్పించి, దీక్ష ముందు ఒకటి పెట్టబోయి నాలిక కరుచుకున్నారు. ఆ ఆనందం అయిదు నిమిషాలుంది. ఆరో నిమిషంలో వేళ్లు మడిచి లెక్కపెట్టారు. దీక్ష విరమిస్తే విద్యార్థిని చదువు మానేసినట్టే. మిగిలేది తొమ్మిదిమంది. తన గదికి వచ్చేసరికి పక్కగోడ అవతల చేపల విభాగం వాళ్లు అప్పుడే కుర్చీలు కొలుస్తున్న చప్పుడు వినిపించింది.

ఆయన ఉరుకులు పరుగుల మీద వైస్ ఛాన్సలర్ దగ్గరికి వెళ్లారు.

"మేడమ్, దీక్ష ఆగకూడదు. ఆ అమ్మాయి మా విద్యార్థిని. ఇంకా మూడు సెమిస్టర్లున్నాయి."

"అంటే వాళ్లకి ఉద్యోగాలు ఇవ్వొద్దంటారా?"

"అయ్యో, ఇవ్వండి మేడమ్! మొదట్నుంచీ నేను వాళ్ల పక్షమే. నా మూడు పుస్తకాలూ వాళ్లకే అంకితం. ఉద్యోగాలిచ్చేయండి. దీక్ష మాత్రం ఉంచండి."

"కోరింది దొరికాక దీక్ష దేనికండీ?"

"చదువుకోడానికి మేడమ్."

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని, రిజిస్ట్రారుతో మాట్లాడమన్నారు. రిజిస్ట్రారు నిబంధనలు చూడమన్నారు. నిబంధనలు భానోజీరావు బీరువాలో ఉన్నాయి. ఈలోగా ఆగలేక పరాంకుశం గారు శనివారం సాయంత్రం నేరుగా శిబిరానికే వెళ్లారు. అయిదు కావస్తోంది. అప్పలనర్సమ్మ గ్లాసు కడుక్కుంటోంది.

"అప్పలనర్సమ్మగారూ, మిమ్మల్ని ఒక్కటి అడగొచ్చా? ఇంకో ఏడాదిన్నర ఆగలేరా? దీక్ష ఎం.ఏ. అయ్యేదాకా?"

ఆవిడ గ్లాసు పక్కన పెట్టింది. "పదిహేడేళ్లు ఆగినాను బాబూ. నాను ఏడాదిన్నర ఆగితే నా ఉజ్జోగంలో ఏటి మిగుల్తాది? మీరంతా నా వొంకాయల మీద కూకుని సదువులు సెప్పుకుంటన్నారు. తమరు నా బాయి మీద కుర్సీ యేసుకున్నారు. నానెప్పుడైనా ఏటైనా అన్నానా?"

"లేదమ్మా."

"మరిప్పుడు నానొక్క ముద్ద తింటానంటే అడ్డమొస్తారేటి?"

పరాంకుశం గారు చెడ్డమనిషి కాదు. ముఖం కందిపోయి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "తప్పయిపోయిందమ్మా" అన్నారు. నిజంగానే అన్నారు. చేపలైతే చేపలే అనుకుని ఇంటికి వెళ్లి భార్యతో కూడా చెప్పేశారు. ఆవిడ, వారానికి రెండు కొర్రమీనులైనా వస్తాయి లెండి అని ఊరడించింది.

గట్టెక్కించింది భానోజీరావు. చెప్పిన పని చెప్పినట్టు చేసే మనిషని ముందే చెప్పాను కదా. ఆయనకి పైనుంచి రెండు పనులు చెప్పారు. ఒకటి, నలభైరెండు ఉద్యోగాలు ఇవ్వాలి. రెండు, అంతకుముందే పరాంకుశం గారు అడిగినట్టు, దీక్ష ఆగకూడదు. ఆదివారమంతా ఆఫీసులో కూర్చుని నోటు రాశాడు. ఉద్యోగమంటే పని ఉండాలి. విశ్వవిద్యాలయంలో ఉన్న పనులన్నిటికీ ఎవరో ఒకరున్నారు, కొన్నిటికి ముగ్గురున్నారు. ఎవరి ఉద్యోగమూ కాకుండా రోజూ తప్పకుండా జరుగుతున్న పని ఈ ఆవరణ మొత్తంలో ఒక్కటే, గేటు దగ్గర పస్తుండటం. కాబట్టి శాంతి అధ్యయన విభాగంలో నిరాహార సహాయకులు అనే పోస్టులు నలభైరెండు సృష్టించవచ్చు. దీక్ష చదువు సాగినంత కాలం ఈ పోస్టులు తాత్కాలిక పద్ధతిలో కొనసాగుతాయి. నోటుకి జతపరిచిన కాగితాలతో ఫైలు మూడువందల పేజీలైంది. ఉమామహేశ్వరి గారు ఈసారి ఆఖరి పేజీ మాత్రమే చదివారు. వచ్చి వారమైంది మరి, అలవాటు పడ్డారు.

సోమవారం పదకొండింటికి సన్నాయి పెట్టారు. పదకొండూ ఇరవైకి నిమ్మరసం ఇచ్చి దీక్ష విరమింపజేశారు. చప్పట్లు కొట్టారు. పదకొండున్నరకి నలభైరెండుమందీ డ్యూటీలో చేరారు, దీక్ష మళ్లీ మొదలైంది. మధ్యలో పోయిన పది నిమిషాలు విరామంగా రిజిస్టరులో నమోదైంది.

అప్పలనర్సమ్మ ఉత్తర్వు కాగితం తిరగేసి మరగేసి చూసింది. "ఏటి పని బాబూ ఇది?" అని భానోజీరావుని అడిగింది.

"తొమ్మిది నుంచి అయిదు దాకా శిబిరంలో కూర్చోవాలి. డ్యూటీలో ఏమీ తినకూడదు."

"ఇన్నాళ్లూ సేసిందే కదేటి?"

"అప్పుడు అనధికారికం."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. హాస్యమాడుతున్నాడేమో అనుకుంది. భానోజీరావు జీవితంలో ఎప్పుడూ హాస్యమాడలేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని విన్నాం గానీ, తినకుండా ఉన్నందుకు జీతమిచ్చే అమ్మని చోడివలస అదే చూడటం. ఆవిడకి ముందు కోపం వచ్చింది. తర్వాత, నాలుగేళ్లు గుర్తొచ్చాయి. ఆ తర్వాత ఎక్కడినుంచో నవ్వు తన్నుకొచ్చి, దగ్గొచ్చేదాకా నవ్వింది. "సరే, కానీండి. జేరకుండా రిటైరయ్యేకంటే నయమే" అని సంతకం పెట్టింది. మెడలో దండ తీసి గుర్తింపు కార్డు వేసుకుంది. ఊళ్లో ప్రతి ఇంటికీ వెళ్లి ఆ కార్డు చూపించింది. నలభైరెండు ఇళ్లలోనూ అదే కార్డు ఉందన్న సంగతి ఆ రోజు ఎవరికీ పట్టలేదు.

పని మాత్రం అంత తేలిక కాదు. పూర్వం రోజుకొకరు పస్తుంటే సరిపోయేది. ఇప్పుడు నలభైరెండుమందీ ఒకేసారి పస్తుండాలి, వేలిముద్ర వేసే యంత్రం పెట్టారు. రోజూ రెండు నినాదాలు పొద్దున, రెండు సాయంత్రం, గొంతు తగ్గకుండా. పెద్ద చిక్కు ఆదివారం. దీక్ష నిరవధికం కాబట్టి సహాయకులకి వారపు సెలవు లేదు. సెలవు కావాలని అర్జీ పెట్టారు. జవాబు రాలేదు. ఇక పోరాడాలి. ఎలా పోరాడాలన్న దగ్గర అందరూ తలలు పట్టుకున్నారు. ధర్నా చేద్దామంటే కూర్చోవడమే డ్యూటీ. నినాదాలిద్దామంటే అవి పనుల జాబితాలో నాలుగో అంశం. నిరాహార దీక్ష చేద్దామంటే జీతమిచ్చేదే దానికి.

"మరైతే తిందారి" అంది అప్పలనర్సమ్మ.

మంగళవారం ఒంటిగంటకి నలభైరెండు క్యారియర్లు విప్పారు. రాగులతో కాచిన చోడి అంబలి, పచ్చి ఉల్లిపాయలు, వంకాయ పులుసు, ఎండుచేపల వేపుడు. ఆ వాసనకి చేపల విభాగం మొత్తం కిటికీల దగ్గరికి వచ్చేసింది. నినాదం లేదు, కేక లేదు. ప్రశాంతంగా కూర్చుని, ఒకరికొకరు వడ్డించుకుని తినడం మొదలుపెట్టారు. అయిదు నిమిషాలకి విశ్వవిద్యాలయం డాక్టరు పరుగున వచ్చాడు. ఆర్.ఎన్. దీక్ష పరిస్థితి ఆందోళనకరంగా ఉందని మొదటి బులెటిన్ వెలువడింది. ఒంటిగంటన్నరకి, వంకాయ పులుసు రెండో విడత వడ్డించేసరికి, విషమించింది. నూటికి నూట పదహారు హాజరున్న పిల్ల పోతుందేమోనని హిమజ కళ్లనీళ్లు పెట్టుకుంది.

పరాంకుశం గారు చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా వచ్చారు. "ఏమిటమ్మా ఈ దౌర్జన్యం! మనది అహింసా మార్గం కదా!"

"ఎవుల్నేనా కొట్టినామా బాబూ? తింటన్నాం, అంతే. తమరికి సుగరు కదా, ఒంటిగంట దాటిపోనాది. కూకోండి ముందు. ఇదిగో, రెండు గుక్కలు అంబలి తాగండి."

ఆయన అటూ ఇటూ చూశారు. ముప్పై ఏళ్లుగా నిరాహారం బోధించిన మనిషికి అప్పుడు కడుపులో కాకులు అరుస్తున్నాయి. కూర్చున్నారు. తాగారు. ఉల్లిపాయ కూడా అడిగి పుచ్చుకున్నారు.

ఒంటిగంటా నలభైకి రిజిస్ట్రారు స్వయంగా ఉత్తర్వు పట్టుకొచ్చాడు. ఆదివారం సెలవు మంజూరు. క్యారియర్లు మూసేశారు. దీక్ష గండం నుంచి బయటపడిందనీ, ఇంకో రెండు ముద్దలు పడితే దక్కేది కాదనీ డాక్టరు ప్రకటించాడు. పదిహేడేళ్లు తినకపోతే రానిది నలభై నిమిషాలు తింటే వచ్చింది. పరాంకుశం గారు చేయి కడుక్కుంటూ ఈ లెక్క గమనించారు. దీన్ని అయిదో యూనిట్లో చేర్చాలా అని రెండ్రోజులు ఆలోచించారు. సిలబస్ కమిటీ భోజనానికి ఒప్పుకోదని మానేశారు.

అలా ఏడాదిన్నర గడిచింది. స్నాతకోత్సవంలో ఆర్.ఎన్. దీక్షకి ఎం.ఏ. పట్టా, బంగారు పతకం వచ్చాయి. నల్లగౌను వేసుకుని ఆమె తరఫున అప్పలనర్సమ్మ వేదిక ఎక్కింది. ఫొటోలో రెండో వరుసలో ఎడమ నుంచి మూడోది దీక్ష. ఆ చోట శిబిరం కనిపిస్తుంది, బాగా వచ్చింది. చదువైపోతే పోస్టులు పోతాయి కాబట్టి అదే మధ్యాహ్నం ఆమెని పిహెచ్.డి.లో చేర్చారు. పరాంకుశం గారే గైడు. తొందరపెట్టే మనిషి కాదు.

పథకం అందరికీ నచ్చింది. పక్క జిల్లాల్లో మాటిచ్చి మరిచిపోయిన చోటల్లా శిబిరాలు ఉన్నాయి, శిబిరాలున్న చోటల్లా పోస్టులు వేయొచ్చు కదా అని పైవాళ్లకి తట్టింది. రెండో విడతగా ఎనభై నిరాహార సహాయకుల పోస్టులకి ప్రకటన పడింది. అర్హత ఏదైనా డిగ్రీ. ముప్పైఒక్క వేల దరఖాస్తులు వచ్చాయి. ఇంజనీర్లు, టీచర్ ట్రైనింగ్ అయినవాళ్లు, ఇద్దరు పశువుల డాక్టర్లు. రాతపరీక్ష, ఆపైన ఎనిమిది గంటల శారీరక పరీక్ష. కోటి విద్యలు కూటి కొరకే అన్నారు పెద్దలు. ఇది కోటిన్నొకటోది. బస్టాండు పక్కన కోచింగ్ సెంటర్లు వెలిశాయి. మేడమీద షామియానా వేసి, కింద బిర్యానీ కొట్టు ఉన్న భవనమే అద్దెకి తీసుకున్న సెంటరుకి మంచి పేరు వచ్చింది. మా విద్యార్థులు వాసనకి చలించరు అని గోడల నిండా రాయించారు.

ఒక ఆదివారం ఆ సెంటరు నుంచి ఓ అమ్మాయి చోడివలస వచ్చింది. పేరు శ్రావ్యశ్రీ, కంప్యూటర్ ఇంజనీరింగు చదివింది, మూడేళ్లుగా ఖాళీగా ఉంది. పెద్దవాళ్ల అనుభవం తెలుసుకుంటే పరీక్షకి పనికొస్తుందని ఎవరో చెప్పారు. అప్పలనర్సమ్మ వాకిట్లో పొయ్యి మీద పులుసు కలుపుతోంది. ఆవిడకి ఇప్పుడు యాభైఎనిమిది. పిల్లని చూసి ముచ్చటపడి పీట వేసింది, అన్నం తినమంది.

"వద్దండీ, ప్రాక్టీసులో ఉన్నాను" అని నోట్సు తీసింది ఆ అమ్మాయి. "మొదట్లో రెండు గంటలకల్లా కళ్లు తిరుగుతున్నాయండీ. మీరెలా తట్టుకుంటారు?"

"గేటు వేపు సూడకూడదు తల్లీ. సూస్తే ఆకలెక్కువేస్తాది. కింద మట్టి వేపు సూడాలి."

ఆ అమ్మాయి రాసుకుంది. "ఎన్నాళ్లకి అలవాటవుతుందండీ?"

అప్పలనర్సమ్మ గరిటె పట్టుకుని ఆలోచించింది. పంతొమ్మిదేళ్లు లెక్కేసుకున్నట్టుంది.

"ఎన్నాళ్లకో నాకేటి తెలుసమ్మా! పర్మినెంటోల్నడగాల. నానింకా టెంపరరీయే."

ఆ అమ్మాయి అది కూడా రాసుకుంది. రాసుకుని, టెంపరరీ అయినా పర్లేదండీ అంది.